328 డిగ్రీలకే కరిగిన మట్టి

మా ల్యాబ్‌లో ఎర్రమట్టి 328 డిగ్రీలకే కరిగింది. నమ్మరు కదా? ముందు మేమూ నమ్మలేదు. కానీ కంట్రోలర్ మీద ఎర్ర అంకెల్లో ఉన్నది అదే, అరగంటకోసారి మేం రాసుకున్న కాగితంలో ఉన్నదీ అదే. బట్టీ తలుపు తీస్తే మాత్రం మేం చేసిన పన్నెండు గిన్నెలూ బెల్లం పాకంలా జారి, ఒకదానికొకటి అంటుకుని, కింది పలకకి అతుక్కుపోయి ఉన్నాయి.

ఈ సంచికకి కవితేదైనా రాయమని క్లబ్ వాళ్ళు అడిగారు. నాకు కవిత రాదు. కానీ ఈ సంగతి మీద నాకో గట్టి అభిప్రాయం ఉంది, అది చెప్తాను. మనం చదువుకుంటున్న పద్ధతి మీద అది ఒక ఫిర్యాదు. అందులో నా తప్పు కూడా ఉంది.

ముందు జరిగింది చెప్తాను. మా ప్రాజెక్టు మంచినీళ్ళ వడపోత గిన్నెలు. ఎర్రమట్టిలో మెత్తగా పొడి చేసిన వరి ఊక కలిపి, గిన్నెలు చేసి, ఆరబెట్టి, బట్టీలో కాలుస్తాం. కాల్పులో ఊక మండిపోతుంది, అది ఉన్న చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి, వాటిలోంచి నీళ్ళు వడకడతాయి. ల్యాబ్‌లో ఉన్నది చిన్న ఎలక్ట్రిక్ బట్టీ. పాత కంట్రోలర్ పాడైతే కొత్తది తెచ్చి పెట్టారు. పైన ఎర్ర అంకెలు పీవీ, అంటే లోపల ఇప్పుడున్న వేడి. కింద ఆకుపచ్చ అంకెలు ఎస్వీ, అంటే ఉండాల్సిన వేడి. గంటకి 60 డిగ్రీల చొప్పున 120 దాకా, తర్వాత గంటకి 100 చొప్పున 600 దాకా, ఆ తర్వాత కాస్త వేగంగా 1000 దాకా పెంచి, అక్కడ అరగంట నిలపాలి. బటన్లు నొక్కి ఇదంతా ఎక్కించాం. స్విచ్ వేయగానే పీవీ 30 చూపించింది. గది వేడి కూడా ఇంచుమించు అంతే. అంతా సరిగ్గా ఉందనుకున్నాం.

అరగంట దాటాక లోపల టప్‌మని ఒక శబ్దం. కాసేపటికి ఇంకోటి. ల్యాబ్‌లో ఇరవై ఏళ్ళకి పైగా పనిచేస్తున్న అసిస్టెంట్ ఒకాయన ఉన్నారు, అందరం బాబాయ్ అంటాం. "గిన్నెలు పేలుతున్నాయి బాబూ, తడి ఆవిరవుతోంది, వేడి తొందరగా ఎక్కుతున్నట్టుంది" అన్నారు. నేను డిస్‌ప్లే చూపించి, "63 ఉంది బాబాయ్. నీళ్ళు మరిగేది 100కి కదా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు.

పీవీ 85 దగ్గర పొగ మొదలైంది. ఊక కాలిన వాసన. ఊక 85కి కాలుతుందా అని మాలో ఒక్కడు కూడా అడగలేదు. ఎస్వీ, పీవీ దాదాపు కలిసే నడుస్తున్నాయి కాబట్టి కంట్రోలర్ బాగా పనిచేస్తోందని మురిసిపోయాం. నాలుగున్నర గంటలకి ఎస్వీ 420, పీవీ 328. వోల్టేజ్ తక్కువగా ఉన్నట్టుంది, అందుకే వెనకబడిందని రాసుకున్నాం. అప్పుడు బాబాయ్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, చూపు రంధ్రానికున్న బిరడా తీసి, పక్కగా నిలబడి లోపలికి చూశారు. చూసి ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళి మెయిన్ ఆపేశారు.

మాకు ఒళ్ళు మండింది. ప్రోగ్రామ్ మధ్యలో ఆపేస్తారా? రెండు నెలల పని! ఆ సాయంత్రమే మా గైడ్ సార్‌కి మెసేజ్ పెట్టాం. ల్యాబ్ అసిస్టెంట్ అడగకుండా బట్టీ ఆపేశారని, మా శాంపిళ్ళు పోతే బాధ్యత మాది కాదని. ఆ మెసేజ్ టైప్ చేసింది నేనే.

మర్నాడు సాయంత్రానికి బట్టీ చల్లారింది. తలుపు తీశాక చూసిన దృశ్యం మొదట్లోనే చెప్పాను. 328కి మట్టి కరగదు. కాబట్టి అంకె తప్పు. అంతసేపూ నిజం చెప్పింది గిన్నెలు, పొగ, బాబాయ్.

ఏం జరిగిందో కనుక్కోవడానికి ఇరవై నిమిషాలు చాలింది. బట్టీలో ఉన్నది ఎస్ రకం థర్మోకపుల్. కొత్త కంట్రోలర్‌లో సెట్ చేసి ఉన్నది కె రకం.

థర్మోకపుల్ అంటే వేడి నేరుగా చెప్పే వస్తువు కాదు. రెండు వేరు వేరు లోహాల తీగల్ని ఒక చివర కలిపితే, ఆ చివరకీ ఈ చివరకీ వేడిలో ఉన్న తేడాని బట్టి చిన్న వోల్టేజ్ పుడుతుంది. 1821లో సీబెక్ కనిపెట్టిన సంగతి ఇది, మనందరం పరీక్షలో రాసినదే. కె రకంలో ఉండేవి క్రోమెల్, అల్యుమెల్ తీగలు. 1000 డిగ్రీల దగ్గర అది దాదాపు 41 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఎస్ రకంలో ఒకటి ప్లాటినం తీగ, రెండోది పది శాతం రోడియం కలిసిన ప్లాటినం తీగ. అదే వేడిలో అది ఇచ్చేది 9.6 మిల్లీవోల్టులే. కంట్రోలర్‌కి అందేది ఆ వోల్టేజ్ మాత్రమే. ఏ పట్టిక చూసి దాన్ని డిగ్రీల్లోకి మార్చాలో మనం చెప్పాలి. మేం చెప్పలేదు. కె పట్టికే చూసుకుంది. పట్టికలు ముందేసుకుని లెక్క కట్టాం. డిస్‌ప్లే 63 అన్నప్పుడు లోపల దాదాపు 200. 85 అన్నప్పుడు 300 దాటింది. 328 అన్నప్పుడు ఇంచుమించు 1230. మామూలు ఎర్రమట్టి తట్టుకునే వేడి కాదది.

మరి మొదట్లో 30 సరిగ్గా ఎలా చూపించింది? అసలు మోసం అక్కడే ఉంది. తీగల రెండో చివర ఉన్న చోట ఎంత వేడి ఉందో కంట్రోలర్ తనంతట తనే కొలుచుకుని లెక్కలో కలుపుతుంది. బట్టీ చల్లగా ఉన్నప్పుడు థర్మోకపుల్ నుంచి వచ్చే వోల్టేజ్ సున్నా కాబట్టి, ఏ రకం సెట్ చేసినా గది వేడే కనిపిస్తుంది. అంటే స్విచ్ వేయగానే అంకె సరిగ్గా ఉండటం దేనికీ రుజువు కాదు.

"అలారం ఉంటుందిగా, అది మోగాలి కదా?" అని మా క్లాసులో ఒకరు అడిగారు. ఉంది. 1150 దాటితే మోగేలా పెట్టాం కూడా. కానీ ఆ అలారం చూసేదీ అదే థర్మోకపుల్‌ని, అదే పట్టికని. తప్పు దారి చూపించినవాణ్ణే కాపలా పెడితే ఏం లాభం? అందుకే జాగ్రత్తగా కట్టిన బట్టీలకి వేరే సెన్సర్‌తో, కంట్రోలర్‌తో సంబంధం లేకుండా కరెంటు కోసే ఏర్పాటు ఉంటుంది. పాత ఎలక్ట్రిక్ బట్టీల్లో కిల్న్ సిట్టర్ అని ఒక చిన్న యంత్రం ఉండేది. లోపల పెట్టిన బుల్లి కోన్ వేడికి మెత్తబడి వంగితే మీట కిందపడి కరెంటు ఆగిపోతుంది. అందులో డిస్‌ప్లే లేదు, ప్రోగ్రామ్ లేదు. మా బట్టీకి అలాంటిదొకటి ఉండి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

ఇక్కడ కొందరు మిత్రులు అంటున్నారు: "సెట్టింగ్ సరిచేస్తే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతమా?" సెట్టింగ్ సరిచేశాం. అయినా అయిపోలేదు. అంకె అక్షరాలా నిజమైనా, అది థర్మోకపుల్ కొన దగ్గరి వేడి మాత్రమే. గిన్నె వేడి కాదు. పై అరకి, కింది అరకి తేడా ఉంటుంది. పైగా మట్టి పండటానికి ఎంత వేడి అన్నదొక్కటే చాలదు, ఎంతసేపు అన్నది కూడా కావాలి. అన్నం కూడా అంతే కదా, నీళ్ళు మరిగాయి కదా అని వెంటనే దించేయం. అదే వేడికి మెల్లగా చేరిన మట్టి ఒకలా, పరుగున చేరిన మట్టి ఇంకోలా కాలుతుంది.

ఈ సంగతి పాతవాళ్ళకి బాగా తెలుసు. ఇంగ్లండులో కుండల వ్యాపారి వెడ్జ్‌వుడ్ 1782లో చేసిన కొలమానంలో మట్టి ముక్కలే కొలబద్దలు. బట్టీలో పెట్టిన ముక్క ఎంత కుంచించుకుపోయిందో చూసి వేడి అంచనా వేసేవాడు. జర్మనీలో సేగర్ 1886లో కోన్‌లు చేశాడు. పింగాణి పూతలో వాడే పదార్థాలతోనే చేసిన చిన్న కోణాకారపు ముక్కలవి. వేడినీ సమయాన్నీ కలిపి అనుభవించి, తమ వంతు రాగానే తల వంచుతాయి. డిజిటల్ కంట్రోలర్లు వచ్చాక కూడా అవి పోలేదు. నేడూ బట్టీలో గిన్నెల పక్కన సాక్షిగా కోన్ పెట్టేవాళ్ళు ఉన్నారు. గిన్నె పడిన కష్టమే పక్కనున్న కోన్ కూడా పడుతుంది కాబట్టి దాని మాటకి విలువ.

అయితే నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దు. కంట్రోలర్లు వద్దు, కుమ్మరి ఆవం దగ్గరికి పోదాం అనడం లేదు. గంటకి 60 డిగ్రీల చొప్పున రాత్రంతా పెంచుకుంటూ పోవడం మనిషి వల్ల కాదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్‌జ్ ఒక్కసారిగా రూపం మార్చుకుని ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు తిరిగి కుంచించుకుంటుంది. ఆ చోట తొందరపడితే గిన్నె చీలుతుంది. అలాంటి చోట మెల్లగా నడిపించడం కంట్రోలర్‌కి తెలిసినంత బాగా నాకు తెలియదు. కంటి చూపుతో 1000కీ 1040కీ తేడా పట్టడం బాబాయ్‌కీ కష్టమే, ఆయనే చెప్పారు. కానీ 328కీ 1230కీ తేడా ఆయన ఒక్క చూపులో పట్టారు. ఆ రోజు అక్కడ ఉన్న నలుగురు ఇంజినీరింగ్ విద్యార్థులకి అది చేతకాలేదు. చేతకాకపోవడం పెద్ద తప్పు కాదు. చూడాలని కూడా అనిపించలేదు, అదీ తప్పు.

ఎందుకు అనిపించలేదు? నా ఉద్దేశం ప్రకారం, మనకి అలవాటు చేసిన చదువే అలాంటిది. వైవాలో పీఐడీ సమీకరణం అడుగుతారు, జీగ్లర్–నికోల్స్ పద్ధతి అడుగుతారు. చెప్తాం, మార్కులు వస్తాయి. "బట్టీలో ఉన్నది ఏ రకం థర్మోకపుల్? దాని కొన ఎక్కడుంది?" అని ఎవరూ అడగరు. ఇక రికార్డుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. రావాల్సిన విలువ ముందే తెలుసు కాబట్టి రీడింగులు దానికి తగ్గట్టు రాస్తాం. మూడేళ్ళు అలా రాసినవాళ్ళకి, అంకె ఒకటి చెప్తూ ముక్కుకి ఇంకో వాసన వస్తుంటే, అంకె వైపే మొగ్గడం వింతేమీ కాదు.

అందుకని నేను అడిగేది మూడే. ఒకటి, బట్టీ తలుపు మీద ఒక కాగితం అంటించాలి. థర్మోకపుల్ రకం, కంట్రోలర్‌లో సెట్ చేసిన రకం, ఎప్పుడు మార్చారు, ఎవరు సరిచూశారు అన్నవి అందులో ఉండాలి. స్విచ్ వేసేవాళ్ళు ముందు అది చదివి సంతకం పెట్టాలి. రెండు, ప్రతి కాల్పులో ఒక కోన్ పెట్టాలి. కుదరకపోతే, కాలినా నష్టం లేని ఒక మట్టి బిళ్ళ పెట్టి, ముందూ తర్వాతా కొలవాలి. మూడు, లాగ్ పుస్తకంలో పీవీ, ఎస్వీ గడుల పక్కన "కనిపించింది, వినిపించింది" అని ఇంకో గడి ఉండాలి. రంగు, వాసన, శబ్దం, పక్కనున్నవాళ్ళు చెప్పిన మాట అన్నీ అందులో రాయాలి. అంకెకీ ఆ గడికీ పొంతన కుదరకపోతే బట్టీ ఆపాలి. ఆపినవాళ్ళకి మార్కులు తగ్గించకూడదు.

ఇక నా తప్పు. రిపోర్టులో "వోల్టేజ్ హెచ్చుతగ్గుల వల్ల శాంపిళ్ళు దెబ్బతిన్నాయి" అని రాసేద్దామన్నారు మా బ్యాచ్‌లో ఒకరు. అలా రాస్తే మేం బయటపడతాం, కానీ నేను పెట్టిన మెసేజ్ అలాగే ఉంటుంది. అప్పటికే డిపార్ట్‌మెంట్‌లో బాబాయ్‌ని పిలిచి ఎందుకు ఆపావని అడిగారట. ఆయన "లోపల తెల్లగా ఉంది సార్, అందుకే ఆపాను" అన్నారట. మా పేర్లు ఎత్తలేదు. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వెళ్ళి సార్‌కి అంతా చెప్పాను. కరిగిన గిన్నెలు, మిల్లీవోల్టుల లెక్కలు, మా లాగ్ కాగితం ముందు పెట్టాను. రిపోర్టులో జరిగింది జరిగినట్టే రాశాం. బాబాయ్‌కి సారీ చెప్తే, "ఇంకో పావుగంట ఆగితే హీటర్ తీగలు కూడా పోయేవి బాబూ, అవి చాలా ఖరీదు" అన్నారు, అంతే.

పోయిన వారం మళ్ళీ పన్నెండు గిన్నెలు కాల్చాం. ఈసారి పక్కన కోన్ పెట్టాం. రాత్రి తొమ్మిదింటికి బాబాయ్ వచ్చి, "ఎంత చూపిస్తోంది?" అని అడిగారు. 960 అని చెప్పి, నల్ల కళ్ళద్దాలు తీసి నేనే పెట్టుకున్నాను. లోపల నారింజ రంగు. కోన్ ఇంకా నిటారుగానే ఉంది. రెండూ రాసుకున్నాను.