నాలుగు పంక్తులు రాసినవాణ్ణి కూడా అడగాలా?

మీ బడిలో ఇరవైమంది కలిసి గోడపత్రిక నడుపుతున్నారనుకోండి. ఒక ప్రచురణకర్త వచ్చి, అందులోని కథలన్నీ పుస్తకంగా అచ్చువేసి అమ్ముతానన్నాడు. సంపాదకుడు ఒక్కడు “సరే” అంటే చాలునా? గోడమీద అంటించడానికి ఇచ్చిన కథను అమ్ముకోవడానికి కూడా ఇచ్చినట్టేనా? కాదు గదా!

కంప్యూటరు ప్రోగ్రాముల లోకంలో ఇదే చిక్కు మరింత పెద్దదై ఎదురవుతుంది. “ఓపెన్ సోర్స్” ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఊరికే ఇచ్చారు కాబట్టి దానికి యజమాని లేడని చాలామంది అనుకుంటారు. యజమాని లేకేం? ఒక్కోసారి వందలమంది ఉంటారు! సొంతంగా ఎవరు రాసిన పంక్తులకు వారిదే కాపీరైటు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. తరువాత చేసిన సవరణలతో అది ప్రోగ్రామును కూడా సాహిత్య రచనగానే లెక్కిస్తోంది. రచయిత పోయాక 60 ఏళ్లదాకా ఆ హక్కు నిలుస్తుంది. హక్కును మరొకరికి బదిలీ చేయాలంటే రాసి, సంతకం చేసి ఇవ్వాలి, నోటిమాట చెల్లదు.

ఆరంజిరంగు శంకువు గుర్తున్న వి.ఎల్.సి.లో మీరు సినిమాలు చూసే ఉంటారు. దాన్ని 1996లో ఫ్రాన్సులోని ఎకోల్ సెంట్రాల్ పారిస్ అనే ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు మొదలుపెట్టారు. కళాశాల ఒప్పుకున్నాక 2001లో జి.పి.ఎల్. అనే లైసెన్సుతో అది లోకానికి విడుదలైంది. నీకు దొరికిన స్వేచ్ఛనే నీ దగ్గర పుచ్చుకున్నవాడికీ ఇవ్వాలన్నది ఆ లైసెన్సులోని ముఖ్యమైన షరతు. 2010లో వి.ఎల్.సి. ఐఫోనుకు వచ్చింది. యాపిల్ దుకాణం షరతులు ఈ స్వేచ్ఛకు అడ్డువస్తున్నాయని ప్రోగ్రాము రచయితల్లో ఒకాయన అభ్యంతరం చెప్పాడు. 2011 జనవరిలో దాన్ని దుకాణంలోంచి తీసేశారు. చూశారా, ఒక్కడి మాటకు ఎంత బలమో!

వేరే ప్రోగ్రాములు కూడా వి.ఎల్.సి. లోపలి యంత్రాంగాన్ని సులువుగా వాడుకోవాలంటే, ఎల్.జి.పి.ఎల్. అనే కాస్త సడలింపు ఉన్న లైసెన్సు కావాలి. సంస్థ అధ్యక్షుడు జాఁ బాతీస్త్ కెంఫ్ ఆ పనికి పూనుకున్నాడు. ఏ పంక్తి ఎవరు రాశారో, ఏ రోజు రాశారో ప్రోగ్రాము చరిత్రలో నమోదై ఉంటుంది. ఆ చిట్టా ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ వెతికి అడిగారు. ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్లిపోయినవాళ్లు, చిరునామాలు మారినవాళ్లు, ఏళ్ల కిందట ఒకే ఒక్క దిద్దుబాటు పంపి ఊరుకున్నవాళ్లు! 2011 చివర కేంద్రభాగం, 2012లో మిగతా భాగాల్లో చాలావరకు కొత్త లైసెన్సులోకి వచ్చాయి. అనుమతి దొరకనివాటిని తిరగరాశారు, లేదా పాత లైసెన్సులోనే ఉంచేశారు. 2013 జూలైలో వి.ఎల్.సి. మళ్లీ ఐఫోనుకు చేరింది.

ఇంటర్నెట్‌లో మన సమాచారాన్ని కాపాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. వాళ్లు కూడా 2017లో రచయితలందరికీ ఉత్తరాలు పంపారు. అంతవరకు మెచ్చుకోవలసిందే. అయితే, జవాబు రాకపోతే అభ్యంతరం లేనట్టే భావిస్తామని అందులో రాశారు. ఇది నాకు నచ్చలేదు. మౌనం అర్ధాంగీకారమన్న మాట పెళ్లిచూపుల్లోనే చెల్లని రోజులివి. ఒకరి సొత్తు విషయంలో ఎలా చెల్లుతుంది? ఉత్తరమే అందకపోయి ఉండవచ్చు గదా! 2021లో ఆ ప్రోగ్రాము 3.0 కొత్త లైసెన్సుతో వెలువడింది.

“అందరినీ అడుగుతూ కూర్చుంటే పని సాగేదెప్పుడు?” అంటారు కొందరు. నిజమే. లినక్స్ కేంద్రకాన్ని వేలమంది రాశారు. దాని లైసెన్సు మార్చడం దాదాపు అసాధ్యం. నాకు మాత్రం అది లోపంగా కాక, కాపలాగా కనిపిస్తుంది. అంతమంది చేతిలో ఉన్న తాళాన్ని ఏ ఒక్క కంపెనీ కొనగలదు?

రచయితలు చేరేటప్పుడే అనుమతిపత్రం రాయించుకోవడం మరో పద్ధతి. సులువైనదే, కాని తాళంచెవులన్నీ ఒకరికే అప్పగించినట్టవుతుంది. హాషికార్ప్ కంపెనీ ఇలాంటి పత్రాలు ముందే తీసుకుంది. 2023 ఆగస్టులో తన టెర్రాఫార్మ్ కొత్త విడుదలలకు ఎక్కువ ఆంక్షలున్న లైసెన్సు పెట్టినప్పుడు, బయటి రచయితలను అడగవలసిన అవసరమే దానికి రాలేదు. కోపం వచ్చినవాళ్లు, పాత లైసెన్సుతో అప్పటికే విడుదలైన ప్రతిని తీసుకుని ఓపెన్ టోఫు పేరుతో వేరుకాపురం పెట్టారు.