వాహనం పర్మనెంటు, మనిషి కాంట్రాక్టు

ఢిల్లీ రాజకీయాల్లో అండమాన్ పేరు వినిపించే సందర్భాలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మార్చినప్పుడు వినిపించింది. తొలి అంచనాల ప్రకారమే 72 వేల కోట్ల రూపాయలయ్యే గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుపై వివాదం రేగినప్పుడల్లా వినిపిస్తోంది. 2023 మార్చిలో పోర్ట్ బ్లెయిర్ మునిసిపల్ కౌన్సిల్ అధ్యక్ష పదవి బీజేపీ మద్దతుతో తెలుగుదేశం అభ్యర్థి ఎస్. సెల్వికి దక్కినప్పుడు తెలుగువారు కూడా కాసేపు అటు చూశారు. ఈ సందడిలో ఎన్నడూ వినిపించని ప్రశ్న ఒకటుంది. ఆ దీవుల్లో ఒక మనిషికి ప్రాణం మీదికి వస్తే, ఆస్పత్రి చేరేదాకా పక్కన కూర్చునేది ఎవరు? ఆ పని చేయడానికి ముందుకొచ్చే యువతకు మొదటి ఉద్యోగం ఇచ్చేది ఎవరు?

చిన్నా పెద్దా కలిపి 836 దీవులు, శిలలు. 2011 జనగణన నాటికి మనుషులు నివసిస్తున్నవి 31. జనాభా 3.80 లక్షలు. వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి బతుకుతెరువు కోసం వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు వారిలో ఎన్నో. ఇందరికీ ఆఖరి దిక్కు రాజధానిలోని జి.బి. పంత్ ఆస్పత్రి. ఉత్తరాన డిగ్లీపూర్ నుంచి అక్కడికి 300 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. అది జార్వాల అభయారణ్యం గుండా, జలసంధిని దాటుకుంటూ సాగుతుంది. దక్షిణాన క్యాంప్‌బెల్ బే నుంచి అయితే 500 కిలోమీటర్లకు పైబడిన సముద్రం. హెలికాప్టర్లు ఉన్నాయి, వాటికి వాతావరణం అనుకూలించాలి. అనుకూలించేదాకా రోగికి ఊపిరి ఆడేలా చూడవలసింది హెలికాప్టర్ కాదు, మనిషి.

ఆ మనిషినే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అంటారు. మన 108 వాహనంలో కనిపించే ఈఎంటీ. రక్తస్రావం ఆపడం, ఆక్సిజన్ పెట్టడం, సీపీఆర్ చేయడం, దారిలో కాన్పు వస్తే తల్లినీ బిడ్డనూ కాపాడడం అతని పని, ఆమె పని. నగరంలో ఈ బాధ్యత నిమిషాలది. దీవుల్లో గంటలది. అక్కడ ప్రయాణకాలమే చికిత్సాకాలం. కాబట్టి దేశంలో మరెక్కడికన్నా అక్కడ ఈఎంటీ విలువ ఎక్కువ.

మరి ఆ ఉద్యోగంలోకి ద్వారం ఎక్కడ? 2021 మార్చిలో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఈఎంటీని అందులోని వృత్తుల పట్టికలో చేర్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తినిపుణుడిగా గుర్తింపు పొందాలంటే కనీసం 2000 గంటల చదువు ఉండాలంది. మంచిదే. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 18న, అదే ప్రభుత్వం కోవిడ్ యోధుల కోసం 276 కోట్ల రూపాయలతో క్రాష్ కోర్సు ప్రారంభించింది. లక్ష మందికి శిక్షణ అంది. అందులో అత్యవసర సేవల విభాగమూ ఉంది. కోర్సు రెండు, మూడు నెలల్లో పూర్తవుతుందని సాక్షాత్తూ ప్రధానమంత్రే చెప్పారు. ఒక చేత్తో 2000 గంటల గీత గీసి, మరో చేత్తో మూడు నెలల సర్టిఫికెట్ పంచారు. దీన్నుంచి దానికి వెళ్ళే మెట్టు మాత్రం కట్టలేదు.

చట్టానికి ప్రాణం పోయాల్సిన కౌన్సిళ్ళ సంగతి మరీ విడ్డూరం. మూడేళ్ళు గడిచాక, 2024 ఆగస్టులో, అమలుకు సుప్రీంకోర్టు గడువు విధించాల్సి వచ్చింది. ఈలోగా సర్టిఫికెట్ పట్టుకుని తిరిగే కుర్రవాడికి వినబడేది ఒకటే మాట: అనుభవం ఉందా? పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు.

పని దొరికినవారి స్థితి ఏమైనా మెరుగా? 108 అనే సంఖ్యను దేశానికి పరిచయం చేసింది తెలుగునేల. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా మొదలైంది. 2009లో సత్యం కుంభకోణం తర్వాత నిర్వహణ జీవీకే చేతికి వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో బీవీజీకి, 2020లో అరబిందో ఫౌండేషన్‌కు మారింది. సంఖ్య మారలేదు, సైరన్ మారలేదు. మారిన ప్రతిసారీ సిబ్బందిని వేధించిన ప్రశ్నలూ మారలేదు: బకాయిలు ఎవరిస్తారు? పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా? పదిహేనేళ్ళు ప్రాణాలు కాపాడినా కొత్త టెండరు ముందు కొత్తవాడే!

ఇదేదో ఒక రాష్ట్రం జబ్బు కాదు. దేశంలోని 100 ఆస్పత్రులను పరిశీలించి నీతి ఆయోగ్, ఎయిమ్స్ 2021లో ఇచ్చిన నివేదిక ఏం చెప్పింది? 91 శాతం ఆస్పత్రులకు సొంత అంబులెన్సులున్నాయి. శిక్షణ పొందిన పారామెడిక్‌లు 34 శాతంలోనే ఉన్నారు. జెండా ఊపి ప్రారంభించడానికి వాహనం పనికొస్తుంది. ఉద్యోగ నియామక పత్రానికి ఆ ఫొటో విలువ లేదు.

దీవుల జనాభా కొద్ది, పోస్టులు గిట్టుబాటు కావని అధికారులు అనవచ్చు. ఇది తలల లెక్క కాదు, దూరాల లెక్క. సరిహద్దు శిఖరాన కాపలాకు సైనికుణ్ణి నిలిపేటప్పుడు కింద ఎంతమంది ఓటర్లున్నారని అడగం. అర్హులు దొరకరన్న సాకూ చెల్లదు. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం దొరకని నల్లజాతి యువకులను చేరదీసి, డాక్టర్ పీటర్ సఫార్ ఆధ్వర్యంలో శిక్షణ ఇచ్చారు. ఫ్రీడమ్ హౌస్ పేరిట వారు నడిపిన అంబులెన్సు సేవ ఆ దేశపు అత్యవసర వైద్యానికి దారి చూపింది. 1975లో నగర పాలకులు సేవను తమ చేతుల్లోకి తీసుకుని, కొత్త నిబంధనల పేరుతో ఆ యువకుల్లో చాలామందిని బయటికి నెట్టారు. రెండు పాఠాలూ మనకు అవసరమే.

అండమాన్‌కు శాసనసభ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒక్క సీటు. పాలన లెఫ్టినెంట్ గవర్నర్ ద్వారా నేరుగా కేంద్రానిదే. ఆరోగ్యం రాష్ట్రాల బాధ్యత, అవి సహకరించడం లేదు అని మరోచోట చెప్పే మాట ఇక్కడ చెల్లదు. ఇక్కడ రాష్ట్రమూ కేంద్రమే, ఖజానా తాళమూ కేంద్రానిదే. తాను చేసిన చట్టం పట్ల తనకెంత చిత్తశుద్ధి ఉందో చూపడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు.

అడిగేది గొంతెమ్మ కోరికలేమీ కాదు. జనావాసమున్న ప్రతి దీవికీ ఎన్ని ఈఎంటీ పోస్టులు మంజూరయ్యాయో, ఎన్ని ఖాళీయో ఏటా ప్రకటించండి. ఆ దీవుల యువతకు, నికోబారీలకు, మన వలస మత్స్యకారుల పిల్లలకు, అక్కడి వైద్య కళాశాలలోనే స్టైపెండుతో శిక్షణ ఇవ్వండి. శిక్షణాకాలాన్ని అనుభవంగా లెక్కించండి. మూడు నెలల సర్టిఫికెట్‌కు 2000 గంటల దిశగా మెట్టు కట్టండి. టెండరు మారినా సర్వీసు పోదని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. సెల్వి గెలుపును తమ గెలుపుగా చెప్పుకున్న పార్టీ నేడు కేంద్ర ప్రభుత్వంలో భాగస్వామి. మునిసిపల్ కుర్చీ కోసం సముద్రం దాటిన ఆ పార్టీ, ఈ ప్రశ్నను పార్లమెంటులో లేవనెత్తడానికి సముద్రం దాటనక్కర్లేదు.