ఈజీఆర్‌కి ప్లేట్ కొట్టించొద్దు, విప్పి కడుక్కోండి

ఈసారి వీడియో పంట గురించి కాదు, బండి గురించి. మా 2018 మోడల్ బీఎస్-4 డీజిల్ కారు ఈజీఆర్ వాల్వ్‌ని షెడ్డు ముందే విప్పి, కడిగి, మళ్లీ బిగించడం మొత్తం పైన వీడియోలో చూపించాను. ప్రకృతి వ్యవసాయం వీడియోల మధ్య ఇదెందుకు అనుకునేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మనలో చాలామందిమి దళారి లేకుండా నేరుగా అమ్ముకునేవాళ్లం. దేశీ బియ్యం, గానుగ నూనె, కూరగాయలు వేసుకుని వారానికి రెండు మూడు సార్లు టౌనుకి వెళ్తాం. పొలం ఎంత బాగున్నా బండి ఆగితే వ్యాపారం ఆగినట్టే. ఈ డీజిల్ బండ్లకి కొన్నేళ్లు తిరిగాక వచ్చే జబ్బు ఒకటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ ఉండదు, వెనక నల్లపొగ, ఐడిల్‌లో వణుకు, మీటర్ మీద ఇంజిన్ లైటు. స్కానర్ పెడితే చాలాసార్లు పీ0401 అని వస్తుంది. ఈజీఆర్‌లో గాలి సరిగ్గా తిరగడం లేదని దాని అర్థం.

అప్పుడు మనకి రెండు సలహాలు దొరుకుతాయి. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కొత్త వాల్వ్ వేయాలంటూ వేలల్లో ఎస్టిమేట్ ఇస్తారు. రోడ్డు పక్క షెడ్డుకి వెళ్తే "ప్లేట్ కొట్టేస్తా తమ్ముడూ, పీడా పోతుంది" అంటారు. పొగ తిరిగి వెళ్లే దారికి అడ్డంగా ఒక రేకుముక్క పెట్టి మూసేయడమే ఆ ప్లేట్. మొదటిది చాలావరకు అనవసరం. రెండోది మనలాంటివాళ్లు చేయకూడని పని అని నా గట్టి అభిప్రాయం.

ఎందుకో చెప్తాను. గాలిలో 78 శాతం నత్రజని ఉందని మనం ప్రతి మీటింగులో చెప్పుకుంటాం. కందిలో, పెసరలో, అలసందలో వేరుబుడిపెలు ఆ నత్రజనిని చల్లగా, చప్పుడు లేకుండా పట్టి ఇస్తాయి. ఇంజిన్ కూడా అదే నత్రజనిని పడుతుంది, కానీ మంటతో. సిలిండర్ లోపల వేడి దాదాపు 1500 డిగ్రీలు దాటితే నత్రజని, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి. ఆ వేడిని తగ్గించడానికే ఈజీఆర్ పెట్టారు. బయటికి పోయే పొగలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపుతుంది. అందులో ఆక్సిజన్ తక్కువ కాబట్టి మంట కాస్త చల్లబడుతుంది. అంతే దాని పని.

ఈ నైట్రోజన్ ఆక్సైడ్లు ఊపిరితిత్తులకే కాదు, పైరుకీ శత్రువులే. ఎండలో ఇతర ఆవిర్లతో కలిసి నేల దగ్గర ఓజోన్‌గా మారతాయి. ఆ ఓజోన్ ఆకు రంధ్రాల గుండా లోపలికి వెళ్లి పచ్చదనాన్ని దెబ్బతీస్తుంది. సోయా, గోధుమ, చిక్కుడు జాతి పంటలకి ఇది బాగా తగులుతుంది. పురుగుమందు డబ్బా ముట్టుకోని మనం, ఆ పంటని తీసుకెళ్లే బండికి ప్లేట్ కొట్టించి ఊరంతా తిప్పితే ఎలా అండి?

"ప్లేట్ వేయిస్తే పికప్ పెరిగింది కదా" అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. పెరుగుతుంది, అబద్ధం కాదు. కానీ కారణం వేరే. ఆరోగ్యంగా ఉన్న ఈజీఆర్, మీరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు తనంతట తానే మూసుకుంటుంది. మసి పట్టిన వాల్వ్ మూసుకోలేక తెరుచుకునే ఉండిపోతుంది, అందుకే పికప్ పోయింది. కడిగినా అదే పికప్ తిరిగి వస్తుంది. ప్లేట్ వేస్తే లోపల మసి పట్టడం తగ్గుతుందన్న మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. ఆ లాభం ఇంజిన్‌ది, ఖర్చు పీల్చేవాళ్లది.

ఇంకో మాట. డీజిల్ బండికి మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు చూసేది పొగ చిక్కదనం మాత్రమే, నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు. అంటే ప్లేట్ కొట్టిన బండి కూడా హాయిగా పాసవుతుంది. చట్టం ఒప్పుకుందని కాదు. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ హద్దులు పెట్టింది. ఎవరూ పట్టుకోరన్నది వేరే సంగతి. మన బియ్యంలో మందు లేదని కొనేవాళ్లు నమ్ముతున్నదీ మనల్ని పట్టుకునేవాడు ఉన్నాడని కాదు కదా.

సరే, పనిలోకి వద్దాం. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే మొదలుపెట్టండి. ముందు రోజు సాయంత్రమే బోల్టులకి తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి, వేడికి, మసికి అవి మొరాయిస్తాయి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. విప్పే ముందు ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. కనెక్టర్ లాక్ నొక్కి తీయాలి, వైరు పట్టి లాగొద్దు. మీ మోడల్‌లో వాల్వ్‌కి కూలెంట్ గొట్టాలు కలిపి ఉంటే అక్కడే ఆగి, తెలిసిన మెకానిక్‌ని పక్కన పెట్టుకోండి.

వాల్వ్ బయటికి వచ్చాక మోటారు ఉన్న వైపు పైకి ఉండేలా పట్టుకుని కార్బ్ క్లీనర్ కొట్టాలి. ద్రవం మోటారులోకి దిగితే వాల్వ్ పనైపోయినట్టే. ముంచి నానబెట్టడం అసలొద్దు. పది నిమిషాలు ఆగి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మూలల్లో గట్టిపడిన మసికి నేను వేపపుల్ల చివర నలిపి వాడాను, వీడియోలో చూడొచ్చు, బ్రష్ కంటే అదే బాగా పనిచేసింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే వాల్వ్ కూర్చునే అంచు గీతలు పడి, మళ్లీ ఎప్పటికీ సరిగ్గా మూసుకోదు. ఎలక్ట్రిక్ వాల్వ్ అయితే లోపలి పుల్లని చేత్తో బలంగా నొక్కకండి, గేర్లు విరుగుతాయి. వాక్యూమ్‌తో పనిచేసే పాత రకం అయితే సన్న గొట్టం పెట్టి సిరంజితో గాలి లాగి చూడండి. లేచి అలాగే నిలబడితే డయాఫ్రమ్ బాగున్నట్టు.

బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తది వేయండి. పాతది బాగానే కనిపిస్తుంది, కానీ పొగ లీకవుతుంది. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఒకటి విడిచి ఒకటి సమంగా బిగించాలి. కొన్ని బండ్లకి చివర్లో స్కానర్‌తో వాల్వ్‌ని మళ్లీ నేర్పించాలి, ఆ ఒక్క పనికి షెడ్డుకి వెళ్లండి. నాకు క్లీనర్, గాస్కెట్ కలిపి అయిన ఖర్చు వెయ్యి లోపే, ఒక పూట పని.

క్లీనర్ మండే ద్రవం, బీడీ సిగరెట్ దూరం. ఇంజిన్ నడుస్తుండగా గాలి గొట్టంలోకి క్లీనర్ కొట్టే వీడియోలు తిరుగుతున్నాయి, డీజిల్ ఇంజిన్‌కి అది చేయొద్దు. అదుపు తప్పి ఆర్‌పీఎం పెరిగిపోయి ఇంజిన్ పగిలే ప్రమాదం ఉంది. చేతులకి గ్లోవ్స్, ముక్కుకి మాస్క్ తప్పనిసరి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లోనే తేల్చింది. కడిగిన నల్లనీళ్లు కాలువలో పోయకండి, మసిగుడ్డలు కంపోస్టులో వేయకండి, తగలబెట్టకండి. నేను ఒక పాత డబ్బాలో మూతపెట్టి ఉంచి, ఆయిల్ మార్చినప్పుడు వచ్చే పాత ఆయిల్‌తో పాటు అప్పగిస్తాను.

మసి అంత త్వరగా మళ్లీ పట్టకూడదంటే ఊళ్లోనే చిన్న చిన్న దూరాలకి, తక్కువ ఆర్‌పీఎంలో నడపడం తగ్గించాలి. లోడు ఎక్కించేటప్పుడు ఇంజిన్ ఆపేయండి. అప్పుడప్పుడు నంద్యాల నుంచి కర్నూలు లాంటి దూరం హైవే మీద వెళ్తే ఇంజిన్ బాగా వేడెక్కి కొంత మేలు. ఇంజిన్ ఆయిల్ గీత దాటి పోయొద్దు, ఆ ఆవిరే మసితో కలిసి తారులా అతుక్కుంటుంది.

కడిగాక కూడా లైటు మళ్లీ వస్తే దారిలో ఇంకెక్కడో మూసుకుపోయిందనో, సెన్సార్ పోయిందనో అనుకోవాలి. బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతూ, తెల్లపొగ వస్తుంటే ఈజీఆర్ కూలర్ లీక్ అయి ఉండొచ్చు. అది ఇంట్లో చేసే పని కాదు, బండి నడపకుండా మెకానిక్‌కి చూపించండి.