కాచే పువ్వును కాచేదెవరు?

అమెరికా ప్రయాణమనగానే మన ఇళ్లలో పాస్‌పోర్టు తర్వాత వెతుక్కునేది పచ్చళ్ల ప్యాకింగు. హైదరాబాద్‌లో పేరున్న పచ్చళ్ల దుకాణాల్లో కౌంటరు పక్కన ఓ మిషను కనిపిస్తుంది. ఆవకాయ నింపిన కవరును అందులో పెట్టి మూత వేస్తే జుయ్‌మంటూ గాలంతా లాగేస్తుంది. కవరు పచ్చడికి అంటుకుపోతుంది. మూతి దగ్గర వేడికి ప్లాస్టిక్ అతుక్కుంటుంది. అంతే! సూట్‌కేసులో పట్టుచీరలకు నూనె మరకలు అవుతాయన్న బెంగ ఉండదు.

సరిగ్గా అలాంటి మిషనే, సెప్టెంబరు నెలలో అమెరికాలోని ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో కొన్ని వంటిళ్లలో రాత్రి పొద్దుపోయేదాకా జుయ్‌మంటూనే ఉంటుంది. కాకపోతే ఆ కవర్లలోకి వెళ్లేది పచ్చడి కాదు, పువ్వులు! లేతాకుపచ్చ రంగులో, రేకుల మీద రేకులు పేర్చినట్టుండే బొటనవేలంత పువ్వులు. పేరు హాప్స్. బీరుకు ఆ చేదూ, ఆ వాసనా వచ్చేది వీటి నుంచే.

పువ్వులకి అంత హడావుడి ఎందుకంటారా? ఏడాదికి ఒక్కసారే కోత. కోసింది మళ్లీ కోత దాకా రావాలి. ఒక్క వేసవి అజాగ్రత్తగా బయట వదిలేస్తే సగం సత్తువ పోతుంది. ఇంట్లో బీరు తయారుచేసుకునేవాళ్ల ఏడాది కష్టం మొత్తం ఆ కవరు అతుకు మీదే ఆధారపడి ఉంటుంది.

అక్కడ ఇల్లే బట్టీ

ఇంట్లో బీరు కాయడమేంటి, పోలీసులు పట్టుకోరా అనిపించడం సహజం. మన రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరమే. అమెరికాలోనూ ఒకప్పుడు ఇంతే. 1978 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో పరిస్థితి మారింది. సొంత వాడకానికి ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా తయారుచేసుకోవచ్చు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. కేంద్రం సరేనన్నా రాష్ట్రాలన్నీ ఒప్పుకోడానికి చాలాకాలం పట్టింది. చివరి రెండు రాష్ట్రాలు మిసిసిపీ, అలబామా 2013లో గానీ తలూపలేదు.

ఇలా మొదలైన సరదా వేలాది ఇళ్లకు పాకింది. ఒక విడత అంటే సాధారణంగా ఐదు గ్యాలన్లు, మన లెక్కలో 19 లీటర్లు. అందులో పడే హాప్స్ రకాన్ని బట్టి ఒక ఔన్సు నుంచి ఐదారు ఔన్సుల దాకా. ఔన్సంటే 28 గ్రాములు. దుకాణంలో ఔన్సు పొట్లాలు కొంటే ఖర్చెక్కువ. పౌండు ప్యాకెట్టు, అంటే సుమారు 450 గ్రాములు ఒకేసారి కొంటే చాలా చవక. పెరట్లో తీగ పెంచుకుంటే ఇంకా మేలు. పందిరి కడితే ఐదారు మీటర్లు ఎగబాకే తీగ అది. ముదిరిన తీగ ఒక్కటి చాలు, ఎండు లెక్కన అర కిలో పైగా పువ్వు దిగొచ్చు.

చిక్కల్లా ఇక్కడే. పౌండు ప్యాకెట్టు చింపి రెండు ఔన్సులు వాడితే మిగతా పద్నాలుగు ఔన్సుల సంగతేంటి?

పసుపు రేణువుల్లో ప్రాణం

హాప్ పువ్వును మధ్యకు చీలిస్తే రేకుల మొదట్లో పసుపు పొడి చల్లినట్టు రేణువులు కనిపిస్తాయి. వేళ్లకు జిగటగా అంటుకుంటాయి. లుపులిన్ అంటారు. పువ్వు విలువంతా ఇందులోనే. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలూ, నిమ్మతొక్క, పైన్ చెట్టు, పూల వాసనలిచ్చే నూనెలూ దాక్కునేది ఇక్కడే. పులియబెట్టడానికి ముందు బార్లీ రసంలో వేసి మరిగిస్తే ఆల్ఫా ఆమ్లాల రూపం మారి చేదు దిగుతుంది. ఆ చేదే బీరులో చెడ్డ సూక్ష్మజీవుల్ని పెరగనివ్వదు.

ఈ గుణం మనుషులకు ఎప్పుడో తెలుసు. పన్నెండో శతాబ్దంలో జర్మనీకి చెందిన హిల్డెగార్డ్ అనే సన్యాసిని, హాప్స్ చేదు పానీయాల్ని చెడిపోకుండా ఉంచుతుందని రాసిపెట్టింది. 1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వాడొద్దని చట్టమే చేశారు. మనకూ ఓ చుట్టరికముంది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో లండన్‌లో ఓడెక్కిన బీరు కలకత్తా, మద్రాసు రేవులు చేరడానికి నెలల తరబడి పట్టేది. ఆ ఎండల్ని, ఆ కుదుపుల్ని తట్టుకోవాలని అందులో హాప్స్ దండిగా వేసి పంపేవారు. ఇప్పుడు ప్రపంచమంతా అమ్ముడయ్యే 'ఇండియా పేల్ ఏల్'కు ఆ పేరు అలా వచ్చిందే.

విడ్డూరం ఏంటంటే, బీరును నెలల తరబడి కాపాడే ఈ పువ్వు తనను తాను కాపాడుకోలేదు. గాలిలోని ఆక్సిజన్ తగిలితే చాలు, ఆల్ఫా ఆమ్లాలు తరిగిపోతాయి. నూనెలు ఎగిరిపోతాయి. పాతబడిన కొద్దీ ఐసోవలేరిక్ ఆమ్లమనేది పుడుతుంది. దాని వాసన నిల్వ చీజ్‌లా, ఇంకా చెప్పాలంటే రెండ్రోజులు విప్పని సాక్సులా ఉంటుంది.

అన్ని రకాలూ ఒకేలా పాడవవు. 1972లో ఒరెగాన్ నుంచి విడుదలైన 'కాస్కేడ్' అమెరికన్ బీరుకు కొత్త వాసన నేర్పిన రకం. నిల్వలో మాత్రం సుకుమారం. 20 డిగ్రీల గదిలో ఆరు నెలలుంచితే ఆల్ఫా ఆమ్లాలు సగానికి సగం మాయం. అదే 'మాగ్నమ్' రకమైతే ఎనభై శాతం పైగా నిలబెట్టుకుంటుంది. అంటే కాస్కేడ్ కొన్నవాళ్లకి సీలింగు మిషను మరీ అవసరమన్నమాట.

ముందు ఆరాలి, తర్వాతే సీలు

మిషను కొనగానే సరిపోదు. అసలు పని అంతకుముందే మొదలవుతుంది.

కోసిన పువ్వులో దాదాపు 80 శాతం నీరే. దాన్ని 8 నుంచి 10 శాతానికి దించాలి. ఐదు కిలోలు కోస్తే కిలో పైచిలుకు మిగులుతుందన్నమాట. దోమతెర బిగించిన చట్రాల మీద పల్చగా పరిచి కింద ఫ్యాను పెడతారు. కూరగాయలు ఆరబెట్టే డీహైడ్రేటర్ ఉన్నవాళ్లు తక్కువ వేడి మీద అందులో ఉంచుతారు. వేడి ఎక్కువైతే నూనెలు ఆవిరైపోతాయి. ఎండలో పెడితే అసలుకే మోసం. ఆరిందో లేదో తెలుసుకోడానికి పెద్దగా చదువక్కర్లేదు. పువ్వు మధ్యలో ఉండే ఈనెను వంచాలి. టప్పున విరిగితే ఆరినట్టు. వంగి ఊరుకుంటే ఇంకా తడి ఉన్నట్టు. తడి పువ్వును సీలు వేస్తే కవరులోనే మగ్గి కుళ్లుతుంది. అప్పుడు ఎంత గాలి లాగినా లాభం లేదు.

తర్వాత తూకం. తెలివైనవాళ్లు పౌండంతా ఒకే కవరులో కుక్కరు. ఒక విడతకు ఎంత కావాలో అంతే, ఔన్సు, రెండు ఔన్సుల చొప్పున చిన్న చిన్న పొట్లాలు చేస్తారు. ఆవకాయ జాడీలోంచి వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకునే ఇల్లాలి లెక్కే ఇది. జాడీ మూత ఎన్నిసార్లు తీస్తే అంత చేటు!

ఇక కవరు. ఇంట్లో ఉండే మామూలు జిప్ కవరు పాలిథీన్. కంటికి మూసినట్టే ఉంటుంది గానీ ఆక్సిజన్ దానిలోంచి మెల్లమెల్లగా దూరిపోతుంది. సీలింగు మిషన్ల కవర్లలో నైలాన్ పొర ఉంటుంది. అది చాలావరకు అడ్డుకుంటుంది. అన్నిటికన్నా గట్టిది అల్యూమినియం పొర ఉన్న కవరు. కానీ ఇంటి మిషన్లు గాలి లాగాలంటే కవరు లోపల గరుకు గీతలుండాలి. నున్నటి అల్యూమినియం కవరు అతుక్కుపోయి గాలిని కదలనివ్వదు. గీతల కవరు ముక్క ఒకటి కత్తిరించి మూతి దగ్గర దూర్చి పని కానిచ్చేస్తారు అనుభవజ్ఞులు.

కవరు మంచిదా కాదా అని తేల్చే పరీక్ష కూడా ఇంట్లోనే ఉంది. ముక్కు! సీలు వేశాక కవరును వాసన చూడాలి. హాప్స్ వాసన బయటికొస్తోందంటే గాలి లోపలికి వెళ్తున్నట్టే. ఇంగువ డబ్బా మూత వదులైతే అలమరంతా చెప్పేస్తుంది కదా, ఇదీ అంతే.

చాలామంది దెబ్బతినేది అతుకు దగ్గరే. పువ్వులు నింపేటప్పుడు పసుపు పొడి కవరు మూతికి అంటుకుంటుంది. దాని మీదే సీలు వేస్తే పైకి బాగానే కనిపిస్తుంది. తెల్లారేసరికి కవరు బుస్సుమని వదులవుతుంది. అందుకే మూతిని బయటికి మడిచి నింపాలి, పొడిబట్టతో తుడవాలి, నాలుగు వేళ్ల జాగా వదిలి ఒకటికి రెండు అతుకులు వేయాలి. మర్నాడు ఒక్కో కవరునూ నొక్కి చూడాలి. రాయిలా ఉంటే సరే. మెత్తగా ఉంటే కోసి మళ్లీ వేయాల్సిందే.

గుంటూరు సూత్రమే

సీలు వేసిన పొట్లాన్ని అలమరలో పెడితే పని సగమే అయినట్టు. దాని చోటు ఫ్రీజరు. ప్రతి 15 డిగ్రీల చల్లదనానికీ హాప్స్ పాడయ్యే వేగం సగానికి తగ్గుతుందని ఓ లెక్క. ఆ ప్రకారం 20 డిగ్రీల గదిలో కన్నా మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో ఆ వేగం దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది. గుంటూరు మిర్చిని రంగు పోకుండా కోల్డ్ స్టోరేజీల్లో దాచే రైతుకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చలి రంగును కాపాడినట్టే చేదునూ కాపాడుతుంది.

వాడే రోజున ఫ్రీజరులోంచి తీసిన కవరును వెంటనే చింపకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. లేకపోతే గాలిలోని తేమ చల్లటి పువ్వు మీద నీటి చుక్కలై కూర్చుంటుంది. మిగిలింది మళ్లీ దాచుకుందామంటే ఆ తడే శత్రువు.

కరవు నేర్పిన పాఠం

ఇంత శ్రద్ధ అవసరమా అనుకున్నవాళ్ల కళ్లు తెరిపించిన సంఘటన ఒకటుంది. అమెరికా హాప్స్‌లో అత్యధిక భాగం వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలోనే పండుతుంది. 2006 అక్టోబరులో అక్కడో గోదాము తగలబడింది. సుమారు 20 లక్షల పౌండ్లు, అంటే 9 లక్షల కిలోల హాప్స్ బూడిదయ్యాయి. ఆ ఏడాది దేశపు పంటలో ఇది దాదాపు 4 శాతం. అంతకుముందు కొన్నేళ్లుగా గిట్టుబాటు కాక రైతులు తోటలు పీకేసి ఉన్నారు. ఐరోపాలో వాతావరణం కలిసిరాలేదు. అన్నీ కలిసి 2007-08లో హాప్స్‌కు కరవొచ్చింది. ధరలు కొన్ని రెట్లు పెరిగాయి. డబ్బు పట్టుకుని తిరిగినా కొన్ని రకాలు దొరకలేదు. 2008లో బోస్టన్ బీర్ కంపెనీ తన నిల్వలోంచి 20 వేల పౌండ్లు తీసి, కొన్న ధరకే చిన్న తయారీదారులకు అమ్మింది. పోటీదారులకే పంచిపెట్టాల్సి వచ్చిందంటే కరవు ఏ స్థాయిలో ఉందో ఊహించుకోవచ్చు.

పెద్ద కంపెనీలకే అలా ఉంటే ఐదు గ్యాలన్ల వాళ్ల గతేంటి? ఫ్రీజరులో నాలుగు పొట్లాలు దాచుకున్నవాళ్లు మాత్రం నిబ్బరంగా ఉన్నారు.

కాలం మాత్రం ఆగదు

అలాగని మిషనును మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఇంటి మిషను గాలంతా తీయలేదు, కాస్త మిగులుతుంది. కంపెనీలైతే నైట్రోజన్ నింపి ఆ కాస్తనూ తరిమేస్తాయి. ఎంత చేసినా పువ్వు ముసలితనాన్ని వాయిదా వేయగలమే గానీ ఆపలేం. అందుకే కవరు మీద మూడు వివరాలు తప్పనిసరి: రకం పేరు, కోసిన ఏడాది, ఆల్ఫా ఆమ్లాల శాతం. పాతబడిన కొద్దీ ఆ శాతాన్ని కాస్త తగ్గించి లెక్కేసుకుని, హాప్స్ కాస్త ఎక్కువ వేస్తారు. పేరు రాయని పొట్లం ఆరు నెలల తర్వాత ఎవరికీ అంతుబట్టదు. ఫ్రీజరులో అన్నీ ఒకే ఆకుపచ్చ!

మరి నిజంగానే పాతబడిపోయినవి? చెత్తబుట్టలోకే అనుకుంటే పొరపాటు. బెల్జియంలో లాంబిక్ అనే పుల్లటి బీరు చేసేవాళ్లు కావాలనే రెండు మూడేళ్లు నిల్వ ఉన్న హాప్స్‌ను వాడతారు. వాళ్లకు ఆ చేదు వద్దు, ఆ వాసన వద్దు. చెడ్డ సూక్ష్మజీవుల్ని అదుపులో ఉంచే గుణం ఒక్కటే కావాలి. చేదు పోయినా, వాసన పోయినా ఈ పువ్వులో చివరిదాకా మిగిలేది అదే మరి!

వందల ఏళ్లుగా బీరును కాస్తున్న పువ్వు అది. దాన్ని కాయడానికి మాత్రం ఓ మంచి కవరూ, ఓ ఫ్రీజరూ, తారీఖు వేసే ఓపికా ఉన్న మనిషీ కావాల్సొచ్చింది.