“అందఱు” అను మాట

పఠనాలయములో రాష్ట్రవిభజన ప్రసంగము వచ్చినంతనే “ఆంధ్రులందఱు దోపిడిదారులు” అని యొకరును, “తెలంగాణమువారందఱు సోమరులు” అని వేఱొకరును కేకలు వేయుట మనము వినుచునే యున్నాము. 2014 జూన్ 2వ తేదీని రాష్ట్రము రెండైనది. ఈ “అందఱు” మాత్రము మన నోళ్ళను విడువలేదు. దేశమంతట ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీని సోమరి యనుటకు నోరెట్లు వచ్చునో మాకు తెలియదు!

ఈ జబ్బు పాతదే. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని పూర్వమొక వ్యాసకర్త సెలవిచ్చెను. సురవరము ప్రతాపరెడ్డిగారు కోస్తా పండితులందఱు గర్విష్ఠులని బదులు తిట్టియుండవచ్చును. అది యొక పూట పని. వారట్లు చేయలేదు. కవులను వెదకి, పద్యములు సేకరించి, 1934లో “గోలకొండ కవుల సంచిక” ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. ఆ లెక్కకు మాఱుపలుకగలవాడెవడు?

“అట్లయిన అన్యాయమే జరుగలేదందురా?” అని పాఠకులు గద్దింపవచ్చును. జరిగినది. కనుకనే మా పట్టుదల. 1956 ఫిబ్రవరి 20వ తేదీని ఇరుప్రాంతముల నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసికొనిరి. ముఖ్యమంత్రి యొక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని అందు కలదు. ఆ నవంబరు 1వ తేదీని ఏర్పడిన తొలి మంత్రివర్గమున ఆ పదవియే లేకపోయెను. ఇది తేదీ గల అభియోగము. దీనికి జవాబు చెప్పవలసినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. “ఆంధ్రులందఱు మోసగాండ్రు” అన్నంతనే మాట యిచ్చి తప్పినవాడు కోట్ల జనములో దూరి తప్పించుకొనును; శ్రీకాకుళమునుండి హైదరాబాదునకు రాళ్ళు మోయ వచ్చిన కూలీ, ఆ ఒప్పందము పేరైన విననివాడు, బోనెక్కును. దోషికి ఇంతకన్న మేలుచేయు ఫిర్యాదుదారు గలడా?

వారందఱు సమైక్యవాదులట! 1969లో తెలంగాణము విడిపోదుమన్నది. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పిదప కోస్తా, రాయలసీమలే “జై ఆంధ్ర” యని వీధికెక్కినవి. ఆ రెండు సీమలును ఒక్కటి కావు. కోస్తా పెత్తనమునకు వెఱచియే రాయలసీమవారు 1937లో శ్రీబాగు ఒడంబడిక వ్రాయించుకొనిరి.

ఇక కృష్ణాజలముల తగాదా. బచావత్ న్యాయమండలి ఉమ్మడిరాష్ట్రమునకు కేటాయించిన 811 టి.ఎం.సీ.లను 2015లో తాత్కాలికముగా ఆంధ్రప్రదేశమునకు 512, తెలంగాణమునకు 299గా పంచిరి. ఈ అంకె అన్యాయమని తోచినవారు పరీవాహక ప్రాంతమెంతయో, ఆయకట్టు ఎంతయో లెక్క తెచ్చి పఠనాలయపు బల్లపై పెట్టుదురుగాక. ఏ తీరమువారైనను సరే, మేము పూర్తిగా ప్రకటింతుము. “వారందఱు నీళ్ళ దొంగలు” అని వచ్చు జాబులను మాత్రము చెత్తబుట్టలో వేయుచున్నాము. గడచిన వారము రెండు తీరములనుండియు అట్టివి వచ్చినవి.