గడుల్లో ఇమడని పోటీ

విమాన తయారీలో పోటీని కాగితం మీద ఆడించి చూడటం ఆర్థికవేత్తలకు పాత సరదాయే. 1987లో పాల్ క్రుగ్‌మన్ బోయింగ్, ఎయిర్‌బస్‌లను నాలుగు గడుల పట్టికలో కూర్చోబెట్టారు. ఇద్దరూ బరిలో దిగితే చెరి 5 నష్టం, ఒక్కరే దిగితే 100 లాభం. ఐరోపా ప్రభుత్వాలు ఎయిర్‌బస్‌కు 10 సబ్సిడీ విదిలిస్తే చాలు, బోయింగ్ తప్పుకుంటుంది. లెక్క ముచ్చటగానే ఉంది. బోయింగే తప్పుకోలేదు.

2010 డిసెంబరులో ఎయిర్‌బస్ కొత్త ఇంజిన్లతో ఏ320 నియోను ప్రకటించింది. మరుసటి జులైలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 260 ఎయిర్‌బస్‌లు కొంటామనేసరికి బోయింగ్‌కు కాళ్ల కింద నేల కదిలింది. కొత్త విమానం ఆలోచన పక్కనబెట్టి, 1960ల నాటి 737కే పెద్ద ఇంజిన్లు తగిలించి మ్యాక్స్ అంది. పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ అక్కర్లేదన్నదే అమ్మకాల మంత్రం. ఆ శిక్షణ అవసరమైతే విమానానికి 10 లక్షల డాలర్లు తగ్గిస్తామని సౌత్‌వెస్ట్‌కు మాట కూడా ఇచ్చింది. ముక్కును కిందికి దించే ఎంక్యాస్ సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం పైలట్లకు చెప్పలేదు. 2018, 2019ల్లో రెండు ప్రమాదాలు 346 మందిని బలిగొన్నాయి.

ఇలాంటి నమూనాలు కట్టొద్దని ఎవరూ అనరు. కానీ విమానాల తనిఖీ పనిని తయారీ కంపెనీ ఉద్యోగులకే అప్పగించే నియంత్రణ సంస్థకూ వాటిలో ఒక గడి కేటాయించాలి.