సెలక్షన్ నియమాలు ముందే రాయాలి, రాసినవి అందరికీ వర్తించాలి

అంతర్జాతీయ పోటీకి దేశం తరఫున ఎవరు వెళ్లాలన్నది మూడు దశల్లో తేలుతుంది. అంతర్జాతీయ సమాఖ్య పెట్టిన అర్హత ప్రమాణం మొదటిది. జాతీయ ఫెడరేషన్ జరిపే సెలక్షన్ రెండోది. ప్రభుత్వ ఆమోదం, దానితో పాటు వచ్చే ఖర్చు మూడోది. మొదటి దశలో తగువులు తక్కువ. గడియారం, టేపు, ర్యాంకింగ్ పట్టిక ఎవరి మొహమూ చూడవు. తగువులన్నీ మిగతా రెండు దశల్లోనే పుట్టి కోర్టుల దాకా పోతాయి. దేశం ఎంత కఠినంగా ఉండాలని ఎవరైనా అడిగితే చర్చ వెంటనే కటాఫ్ ఎంత పెట్టాలన్న దానిమీదికి మళ్లుతుంది. సెలక్టర్ల చేతిలో ఎంత స్వేచ్ఛ ఉండాలన్నది అంతకన్నా ముందు తేల్చవలసిన సంగతి. కాఠిన్యం మొదట సెలక్టర్ల మీద ఉండాలి, ఆ తర్వాతే ఆటగాళ్ల మీద. ఈ కరపత్రం వాదన ఇదే.

ఛత్తీస్‌గఢ్ పాఠకులకు దీనికి దగ్గరి ఉదాహరణ దుర్గ్ నుంచి వచ్చిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి ఆకర్షి కశ్యప్. 2022 ఏప్రిల్‌లో భారత బ్యాడ్మింటన్ సంఘం కామన్వెల్త్ క్రీడలకు, ఆసియా క్రీడలకు, థామస్–ఉబెర్ కప్‌లకు కలిపి ఢిల్లీలో ట్రయల్స్ పెట్టింది. ప్రపంచ ర్యాంకింగ్‌లో తొలి 15 స్థానాల్లో ఉన్నవారికి నేరుగా చోటు, 16 నుంచి 50 దాకా ఉన్నవారు ట్రయల్స్ ఆడాలి అన్నది నిబంధన. అప్పటికి సైనా నెహ్వాల్ ర్యాంకు 23. ఆమె 2010లోనూ 2018లోనూ కామన్వెల్త్ సింగిల్స్ స్వర్ణం గెలిచిన మనిషి, అంటే అప్పటి చాంపియన్. వరుస టోర్నీల మధ్య ట్రయల్స్ పెట్టారని అభ్యంతరం చెప్పి ఆమె ఆడలేదు. సంఘం నిబంధన మార్చలేదు. మహిళల సింగిల్స్ ట్రయల్స్‌లో మొదటి స్థానంలో నిలిచిన ఆకర్షి జట్టులోకి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో మిశ్రమ జట్టు రజతంలో ఆమెకు భాగం దక్కింది, సింగిల్స్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. సైనా వెళ్లి ఉంటే ఇంకా ముందుకు వెళ్లేదా అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు లేదు, ఉండనక్కర్లేదు కూడా. ట్రయల్స్ తేదీల మీద సైనా ఫిర్యాదులో న్యాయం ఉండవచ్చు. అది వచ్చే ఏడాది క్యాలెండర్ మార్చడానికి కారణమవుతుంది తప్ప, జరిగిపోయిన ట్రయల్స్‌ను పక్కన పెట్టడానికి కాదు.

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ కథ దీనికి అటువైపుది. 2019 ప్రపంచ చాంపియన్‌షిప్‌కు 51 కిలోల విభాగంలో మేరీ కోమ్‌ను బాక్సింగ్ ఫెడరేషన్ ట్రయల్ లేకుండానే పంపింది. ఆరుసార్లు ప్రపంచ విజేత, లండన్ ఒలింపిక్స్ కాంస్య విజేత అయిన మేరీ కోమ్ అక్కడ కాంస్యం తెచ్చింది. ఆపైన ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు కూడా ఆమెనే నేరుగా పంపే ఆలోచన బయటికి వచ్చింది. మహిళల్లో స్వర్ణ, రజత విజేతలకే నేరుగా చోటు అన్నది అంతకుముందు చెప్పిన మాట. కాంస్యం వచ్చాక ఆ గీతను కిందికి జరపబోయారు. నిఖత్ అక్టోబరులో కేంద్ర క్రీడా మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. వచ్చిన విమర్శ తక్కువేమీ కాదు. చివరికి డిసెంబరు 28న ట్రయల్ బౌట్ జరిగింది, మేరీ కోమ్ 9–1 తేడాతో గెలిచింది. మేరీ కోమ్ మేటి అన్నది రుజువైంది, ట్రయల్ పెట్టడం సరైనదేనన్నదీ రుజువైంది. గెలిచే సత్తా ఉన్నవారికి ట్రయల్ వల్ల పోయేదేమీ లేదు. ఓడిన నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. ఒక బౌట్ అడగడానికి ఇరవై మూడేళ్ల అమ్మాయి మంత్రికి లేఖ రాయాల్సి రావడమే ఆ వ్యవస్థలోని లోపం.

మినహాయింపులు ఈనాటివి కావు. 1932 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌కు హాకీ జట్టును అంతర్‌రాష్ట్ర టోర్నీ చూసి ఎంచారు. సైన్యం సెలవివ్వక ధ్యాన్‌చంద్ ఆ టోర్నీకి రాలేదు, అయినా ఎంపికయ్యాడు. ధ్యాన్‌చంద్ విషయంలో ఎవరికీ పేచీ లేదు, ఎవరూ పెట్టరు. చిక్కల్లా అలాంటి ఉదాహరణ చూపించి అంతటివాడు కాని మనిషికి కూడా తలుపు తీయడంలో ఉంది. 2023 జులైలో రెజ్లింగ్‌ను నడిపిన తాత్కాలిక కమిటీ ఆసియా క్రీడలకు బజరంగ్ పునియా, వినేశ్ ఫోగట్‌లకు ట్రయల్స్ నుంచి మినహాయింపు ఇచ్చింది. ట్రయల్స్‌కు కొద్ది రోజుల ముందు తీసుకున్న నిర్ణయం అది. వినేశ్ విభాగమైన 53 కిలోల్లో పోటీపడే అంతిమ్ పంఘల్, బజరంగ్ విభాగమైన 65 కిలోల్లో పోటీపడే సుజీత్ కల్కల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. కోర్టు జోక్యం చేసుకోలేదు. అంతిమ్ ట్రయల్స్ గెలిచి కూడా స్టాండ్‌బైగా మిగిలింది. వినేశ్ గాయంతో తప్పుకున్నాక వెళ్లి హాంగ్జౌలో కాంస్యం తెచ్చింది. 65 కిలోల ట్రయల్స్ గెలిచిన విశాల్ కాలీరామన్ ఇంట్లో ఉండిపోగా, బజరంగ్ పతకం లేకుండా తిరిగొచ్చాడు. వీధిలో కూర్చుని మహిళా రెజ్లర్ల కోసం పోరాడిన బజరంగ్, వినేశ్‌ల మీద గౌరవం వేరు, ట్రయల్స్ నియమం వేరు. రెండింటినీ కలిపితే రెండింటికీ చెడ్డపేరే.

మినహాయింపు అసలు వద్దనడం కూడా తప్పు. ఒక్కరోజు ట్రయల్ ఎంత క్రూరమైనదో అమెరికా చూపించింది. అక్కడ అథ్లెటిక్స్‌లో ట్రయల్స్ తొలి మూడు స్థానాలే జట్టు, అదీ అర్హత ప్రమాణం అందుకుంటేనే. 1992లో ప్రపంచ చాంపియన్ డెకథ్లాన్ వీరుడు డాన్ ఓ’బ్రయన్ ట్రయల్స్‌లో పోల్ వాల్ట్‌లో ఒక్క ఎత్తూ దాటలేక బార్సిలోనాకు వెళ్లలేకపోయాడు. నాలుగేళ్ల తర్వాత అట్లాంటాలో స్వర్ణం గెలిచాడు. ఆ దేశం నియమం మార్చలేదు. అక్కడ నాలుగో స్థానం వాడు కూడా పతకానికి దగ్గరివాడే కాబట్టి ఆ పద్ధతి చెల్లుతుంది. భారత్‌లో చాలా క్రీడల్లో మొదటి స్థానానికీ మూడో స్థానానికీ దూరం ఎక్కువ. ఒక్క చెడ్డరోజుకు ఒలింపిక్స్‌ను పణంగా పెట్టడం ఇక్కడ అంత తెలివైన పని కాదు.

దీనికి మందు భారత షూటింగ్‌లోనే ఉంది. పారిస్ ఒలింపిక్స్ కోసం 2024లో రైఫిల్ సంఘం ఢిల్లీలో, భోపాల్‌లో కలిపి నాలుగు ట్రయల్స్ పెట్టింది. నాలుగింటిలో మెరుగైన మూడు స్కోర్ల సగటే లెక్క. ఒలింపిక్ కోటా తెచ్చిన షూటర్‌కు కూడా ఆ కోటా సొంతం కాదు, దేశానిది. ఆ పద్ధతిలోనే హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ బెర్త్ సంపాదించింది. దేశానికి కోటా తెచ్చిన మాజీ ప్రపంచ చాంపియన్ రుద్రాంక్ష్ పాటిల్ ఎయిర్ రైఫిల్‌లో మూడో స్థానంలో నిలిచి చోటు పోగొట్టుకున్నాడు. అతనికి బాధ కలిగింది, అప్పీలు చేశాడు, అది నిలవలేదు. కానీ లెక్క ఎలా వచ్చిందో స్కోరు షీటు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. పారిస్‌లో భారత్ గెలిచిన ఆరు పతకాల్లో మూడు షూటింగ్‌లో వచ్చాయి. ఆ మూడూ పద్ధతి వల్లే వచ్చాయనడం అతిశయోక్తి అవుతుంది, పద్ధతి అడ్డుపడలేదనడం మాత్రం నిజం.

కొలవలేని ఆటల్లో ఇది ఇంత తేలిక కాదు. 2023లో మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ముందు బాక్సింగ్ ఫెడరేషన్ బౌట్లు మానేసి, క్యాంపులో వారాల తరబడి చూసి మార్కులు వేసే మూల్యాంకన పద్ధతి పెట్టింది. జాతీయ చాంపియన్లయిన ముగ్గురు బాక్సర్లు కోర్టుకు వెళ్లారు, ఊరట దొరకలేదు. ఆ పోటీల్లో భారత్ నాలుగు స్వర్ణాలు గెలిచింది. ఫలితం చూసి ఆ పద్ధతిని మెచ్చుకోవడానికి గట్టి కారణమే ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. అయినా మార్కులు ఎవరు వేశారో, దేనికి ఎన్ని వేశారో ఆటగాళ్లకు చూపించడం వల్ల ఆ నాలుగు స్వర్ణాల్లో ఒక్కటీ తగ్గేది కాదు. హాకీ, కబడ్డీ వంటి జట్టు ఆటల్లో కోచ్ విచక్షణ తప్పదు. ఎడమ వైపు ఆడే డిఫెండర్ కావలసిన చోట నాలుగో ఫార్వర్డ్ ఎంత గొప్పవాడైనా పనికిరాడు. అలాంటి చోట నియమం కోరవలసింది ఒక్కటే. తప్పించిన ఆటగాడికి కారణం రెండు వాక్యాల్లో రాసి ఇవ్వాలి.

ఇక కటాఫ్ సంగతి. అంతర్జాతీయ సమాఖ్య అర్హుడన్న ఆటగాడిని సొంత దేశమే ఇంట్లో ఉంచడం అనేక దేశాల్లో ఉంది. న్యూజిలాండ్ ఒలింపిక్ కమిటీ తొలి 16 స్థానాల్లో నిలవగలరని, తొలి 8 స్థానాల సామర్థ్యం ఉందని నమ్మకం కలిగితేనే పంపుతుంది. భారత క్రీడా మంత్రిత్వ శాఖ హాంగ్జౌ ఆసియా క్రీడలకు పెట్టిన షరతు కూడా అలాంటిదే. వ్యక్తిగత అంశాల్లో గడిచిన 12 నెలల ప్రదర్శన గత ఆసియా క్రీడల ఆరో స్థానానికి తగ్గకూడదు, జట్టు క్రీడల్లో ఆసియాలో తొలి 8 ర్యాంకుల్లో ఉండాలి. ఈ లెక్కన ఫుట్‌బాల్ జట్టు ఆగిపోయింది. తర్వాత అదే నిబంధనను ఫుట్‌బాల్ కోసం సడలించారు, పురుషుల జట్టు ప్రి క్వార్టర్స్ దాకా వెళ్లింది. నిబంధన సరైనదైతే సడలించకూడదు, తప్పయితే పెట్టకూడదు. గోల పెద్దగా వినిపించే ఆటకు సడలింపు దొరికి, గొంతు లేని ఆటకు దొరకకపోతే దాన్ని కాఠిన్యం అనరు.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజిని చూస్తే కటాఫ్ ఎంత సన్నని గీతో తెలుస్తుంది. పారిస్‌కు 100 మీటర్ల హర్డిల్స్ అర్హత సమయం 12.77 సెకన్లు. ఆమె 2024 మే నెలలో 12.78లో పరుగు పూర్తి చేసింది. సెకనులో నూరో వంతు తేడా. ప్రపంచ ర్యాంకింగ్ అనే రెండో దారి ఉండబట్టి ఆమె ఆ అంశంలో ఒలింపిక్స్ ఆడిన తొలి భారతీయురాలైంది. పారిస్‌లో హీట్స్ దాటలేదు. పతకం రాని ప్రయాణం దండగ అనేవారు ఇలాంటి చోట తొందరపడుతున్నారు. పెద్ద పోటీలో పరుగెత్తడం కూడా శిక్షణలో భాగమే.

కేరళకు చెందిన పి.యు. చిత్రకు అలాంటి రెండో దారిని కూడా మూసేశారు. 2017 జులైలో భువనేశ్వర్‌లో ఆమె 1500 మీటర్లలో ఆసియా చాంపియన్ అయింది. ఖండపు చాంపియన్‌గా లండన్ ప్రపంచ పోటీలకు ఆమెకు దారి ఉంది, ఫెడరేషన్ ఒప్పుకుంటే చాలు. ఆమె సమయం ప్రపంచ స్థాయిలో లేదని ఫెడరేషన్ పేరు పంపలేదు. కేరళ హైకోర్టు ఆమెను చేర్చమని ఆదేశించేసరికి ఎంట్రీల గడువు దాటిపోయింది, అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకోలేదు. తీర్పు ఆమె పక్షాన వచ్చినా పరుగు ఆమెకు దక్కలేదు. చిత్ర మరుసటి ఏడాది ఆసియా క్రీడల్లో కాంస్యం, 2019లో మళ్లీ ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది.

ఖజానా డబ్బు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి సమాధానం ఖర్చును ఎంపిక నుంచి వేరుచేయడం. అంతర్జాతీయ అర్హత పొందిన ప్రతి ఆటగాడి పేరునూ దేశం పంపాలి. పతకానికి దగ్గరగా ఉన్నవారి పూర్తి ఖర్చు కేంద్రం భరించాలి, మిగతావారిది ఫెడరేషన్, రాష్ట్రం, దాతలు పంచుకోవచ్చు. అర్హత లేనివారిని పంపమని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. ఆ జల్లెడ అంతర్జాతీయ సమాఖ్యల దగ్గర ఎలాగూ ఉంది. 1988లో బ్రిటన్ స్కీ జంపర్ ఎడ్డీ ఎడ్వర్డ్స్ చివరి స్థానంలో వచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాక శీతకాల ఒలింపిక్స్‌లోనూ ప్రమాణాలు బిగించారు.

గడువు విషయంలో ఇప్పుడొక అవకాశం వచ్చింది. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం క్రీడా వివాదాల కోసం జాతీయ క్రీడా ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేయమంటోంది. ఎంపిక వివాదాన్ని ఎంట్రీల గడువుకు ముందే తేల్చాలన్న నిబంధన ఆ ట్రిబ్యునల్‌కు ఉండాలి. అందుకు జట్టు ప్రకటన కూడా గడువుకు కనీసం మూడు వారాల ముందు జరగాలి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయి. ఈ పద్ధతులు అప్పటికి అలవాటు కావాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఢిల్లీలో నియమాలు మారేదాకా రాయ్‌పూర్ చేతులు కట్టుకుని ఉండనక్కర్లేదు. జాతీయ జట్టు తలుపు దగ్గరికి వెళ్లే దారి రాష్ట్ర జట్టులోంచే పోతుంది. దుర్గ్ హాకీ క్రీడాకారిణి సబా అంజుమ్ 2002 కామన్వెల్త్ స్వర్ణం జట్టులో ఉంది. రాజ్‌నంద్‌గావ్‌కు చెందిన రేణుకా యాదవ్ 2016 రియో ఒలింపిక్స్ ఆడింది. రైల్వే, ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఆడేది కూడా ఛత్తీస్‌గఢ్ తరఫునే. రాష్ట్ర ట్రయల్స్ కబురు వాట్సాప్‌లో కోచ్ నుంచి కోచ్‌కు పాకినంత కాలం అది చేరని పిల్లలు ఉంటూనే ఉంటారు. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు, తెలుగు వినిపించే కోంట ఇంకా దిగువన ఉంది. ముందు రాత్రి తెలిసిన ట్రయల్‌కు అక్కడి పిల్ల వచ్చి చేరలేదు.

రాష్ట్ర ఒలింపిక్ సంఘం, క్రీడా శాఖ కలిసి చేయగలిగిన పనులకు కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి ఆటకు ఎంపిక నియమం ఏడాది మొదట్లోనే హిందీలోనూ జిల్లాల్లో మాట్లాడే భాషల్లోనూ ప్రకటించాలి. ట్రయల్స్‌కు నెల రోజుల నోటీసు జిల్లా క్రీడాధికారి కార్యాలయం గోడ మీద ఉండాలి. బస్తర్, సర్గుజా ప్రాంతాల నుంచి వచ్చేవారికి దారి ఖర్చు, రాత్రి బస ఇవ్వాలి. ట్రయల్స్‌ను వీడియో తీయాలి, ఫలితాలు అదే సాయంత్రం పెట్టాలి. సొంత పిల్లలో, సొంత అకాడమీ విద్యార్థులో బరిలో ఉన్న సెలక్టర్ ఆ రోజు కుర్చీలో కూర్చోకూడదు. అప్పీలుకు వారం, జవాబుకు వారం. జట్టుతో వెళ్లే కోచ్, మేనేజర్, ఇతర అధికారుల పేర్లు, వారిని ఎందుకు ఎంచారన్న కారణం ఆటగాళ్ల జాబితాతో పాటే బయట పెట్టాలి. ఆటగాళ్లకు కటాఫ్ పెట్టేవారు తమ ప్రయాణానికి కూడా ఒకటి పెట్టుకోవడం న్యాయం.